బాలింతను నడవమని చెప్పే ముందు బిడ్డను మీరు అందుకోండి

బిడ్డ పుట్టిన కొన్నాళ్లకే తల్లికి సలహాలు మొదలవుతాయి. కాస్త నడువు, నాలుగు వ్యాయామాలు చెయ్యి, ఇలాగే కూర్చుంటే ఒళ్లు పట్టేస్తుంది. చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు. ఆ నడిచే ఇరవై నిమిషాలూ బిడ్డ ఎవరి చేతుల్లో ఉంటుందో మాత్రం ఎవరూ చెప్పరు. మొదటి వారాల్లో బిడ్డకు రోజుకు 8 నుంచి 12 సార్లు పాలు పట్టాలి. ఒక్కోసారి అరగంట పట్టిందనుకున్నా, రాత్రీ పగలూ కలిపి నాలుగు నుంచి ఆరు గంటలు ఆమె ఒకేచోట కూర్చుని ఉంటుంది. మిగతా సమయంలో డైపర్లు మార్చాలి, నిద్రపుచ్చాలి, తను ఇంత తినాలి, వీలైతే కాసేపు కన్నుమూయాలి. ఇంత జరుగుతుంటే "ఆమెకు బద్ధకం" అనడం అన్యాయం.

అందుకే ఇది ఆమె పక్కన ఉండే మీ కోసం. మీరు భర్త కావచ్చు, అమ్మ కావచ్చు, అత్తగారో అక్కో స్నేహితురాలో కావచ్చు. బాలింత ఒంట్లో కదలిక పెరగాలంటే మీరు ఏం చేయాలో, ఏ వరసలో చేయాలో చెబుతాను. బాలింతే చదువుతున్నట్టయితే, చదివాక ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి.

1. మాట ఎలా మొదలుపెట్టాలి

పొట్టతో మొదలుపెట్టకండి. "పొట్ట ఇంకా తగ్గలేదే" అన్న ఒక్క మాటతో, ఆమె ఆ తర్వాత వేసే ప్రతి అడుగూ శిక్షలా మారుతుంది. పైగా ఆ మాటలో విషయమూ లేదు. సాగిన గర్భసంచి మళ్లీ మామూలు పరిమాణానికి రావడానికే ఆరు వారాలు పడుతుంది. పొట్ట కండరాలకు, చర్మానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి.

"నీకు ఇప్పుడు ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉంది?" అని అడగండి. ఒకరు నడుం నొప్పి అంటారు. ఒకరు మెట్లెక్కితే ఆయాసం అంటారు. నాలుగు గోడల మధ్య ఊపిరాడటం లేదు, ఒక్కసారి బయటికి పోవాలని ఉంది అనేవాళ్లూ ఉంటారు. ఆమె చెప్పిందే మీ ఇద్దరికీ లక్ష్యం. నడుం నొప్పి ఉన్న మనిషిని పది వేల అడుగులు వేయమంటే ఆమె అడిగినదానికి, మీరు ఇచ్చినదానికి పొంతన ఉండదు.

గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి ఉంటే మాత్రం ఇంకొక కారణం కూడా ఉంది. అలాంటివాళ్లకు తర్వాతి సంవత్సరాల్లో టైప్ 2 డయాబెటిస్ వచ్చే అవకాశం ఎక్కువ. క్రమం తప్పని కదలిక ఆ ముప్పును తగ్గిస్తుంది. ఈ విషయాన్ని భయపెట్టేలా కాకుండా, డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు మాటల్లో పెట్టండి.

2. డాక్టరు దగ్గర తేల్చుకోవలసినవి

డాక్టరును "ఎక్సర్‌సైజ్ చేయొచ్చా?" అని అడిగితే "చేయొచ్చు, నెమ్మదిగా" అనే జవాబు వస్తుంది. దానితో ఏ పనీ కాదు. ఆమెకు అభ్యంతరం లేకపోతే మీరూ లోపలికి వెళ్లి వివరంగా అడగండి. కుట్లు ఎంత లోతువరకు పడ్డాయి? మలద్వారం కండరం దాకా చీలిక వెళ్లిందా? రక్తం ఎక్కువ పోయిందా, హిమోగ్లోబిన్ ఎంత ఉంది? బీపీ ఇంకా ఎక్కువగా ఉందా? సిజేరియన్ అయితే ఎంత బరువు వరకు ఎత్తొచ్చు, ఎప్పటిదాకా?

హిమోగ్లోబిన్ సంగతి చాలామంది వదిలేస్తారు. డెలివరీలో రక్తం బాగా పోయి, ఐరన్ తగ్గిపోయిన మనిషి పది అడుగులకే ఆయాసపడుతుంది. ఆమెకు ముందు కావలసింది ఐరన్. ప్రసవం తర్వాత కొందరిలో థైరాయిడ్ కూడా అటూ ఇటూ అవుతుంది. ఎంత నిద్రపోయినా తీరని నీరసం వారాల తరబడి ఉంటే ఆ పరీక్ష కూడా చేయించమని అడగండి.

ఆరు వారాల చెకప్ దాకా అస్సలు కదలకూడదన్న పాత లెక్క ఇప్పుడు లేదు. మామూలు కాన్పు అయి, ఏ చిక్కులూ లేకపోతే కొన్ని రోజుల్లోనే తేలికపాటి కదలిక మొదలుపెట్టవచ్చని అమెరికా గైనకాలజిస్టుల సంఘం 2020లో ఇచ్చిన సూచనల్లో ఉంది. సిజేరియన్ అయినవాళ్లకు, చీలిక పెద్దదైనవాళ్లకు, బీపీ ఉన్నవాళ్లకు మాత్రం డాక్టరు చెప్పిన తేదీయే తేదీ.

3. అరగంట సంపాదించడం

అసలు పని ఇక్కడే ఉంది. ఇది కుదిరితే మిగతావి వాటంతట అవే కుదురుతాయి.

"నీకు వీలైనప్పుడు వెళ్లు, నేను చూసుకుంటా" అనకండి. బాలింతకు వీలు అనేది దొరకదు. సమయం మీరే చెప్పాలి. అయితే పసిబిడ్డకు గడియారంతో పని లేదు కాబట్టి ఏడింటికి, ఎనిమిదింటికి అని పెట్టుకుంటే రెండో రోజుకే తప్పుతుంది. పాలతో ముడిపెట్టండి. "ఉదయం రెండోసారి పాలు అయ్యాక బిడ్డ నా దగ్గర" అనుకోండి. దీనివల్ల రెండు లాభాలు. బిడ్డ కడుపు నిండి ఉంటుంది కాబట్టి గంటో గంటన్నరో నెమ్మదిగా ఉండే అవకాశం ఎక్కువ. ఆమెకు రొమ్ములు తేలికపడి ఉంటాయి. పాలు నిండిన రొమ్ములతో నడవడం ఎంత సలపరింపో అనుభవించినవాళ్లకే తెలుసు.

పాలు అవగానే బిడ్డను మీరు అందుకోండి. త్రేన్పు వచ్చేదాకా భుజం మీద వేసుకోవడం, డైపర్ చూడటం మీ పనే. డైపర్లు, తుడిచే బట్ట, మార్చే బట్టలు ఎక్కడున్నాయో ముందే తెలుసుకుని ఉండండి. ఆమె చెప్పులు వేసుకునేటప్పుడు "ఆ పౌడర్ ఎక్కడుంది?" అని అడిగితే ఆమె మనసు ఇంట్లోనే ఉండిపోతుంది.

ఆమె వెళ్లాక బిడ్డ ఏడుస్తుంది. ఏడవకపోతే అదృష్టం. ఎత్తుకుని తిరగండి, జోకొట్టండి, గది మార్చండి. పిడికిలి నోట్లో పెట్టుకోవడం, తల అటూ ఇటూ తిప్పుతూ వెతకడం ఆకలికి గుర్తులు. అవి కనిపించి, ఏం చేసినా ఊరుకోకపోతే అప్పుడు ఫోన్ చేయండి. లేకపోతే చేయకండి. ఆమె తిరిగొచ్చాక "ఒకటే ఏడుపు, గుక్క తిప్పుకోలేదు" అని కథలు చెప్పకండి. అది విన్నాక రేపు ఆమె గడప దాటదు. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను. చెప్పేవాళ్లకు అది మామూలు కబురే, వినే తల్లికి మాత్రం అది తప్పు చేశావన్న తీర్పులా వినిపిస్తుంది.

ఇంకొక ప్రమాదం, ఆ అరగంటలోకి ఇంటిపని దూరిపోవడం. బిడ్డ మీ దగ్గరుంది కదా అని ఆమె గిన్నెలు కడగడానికి లేస్తుంది, లేదా బట్టలు మడతపెడుతుంది. మొహమాటంగా ఉన్నా సరే ఆపండి. ఇంటిపనిలో కదలిక లేదని కాదు. ఉంది. కానీ అదంతా ముందుకు వంగి, ఒకే వైపు బరువు మోస్తూ చేసేది. ఆమె నడుం, మెడ అప్పటికే ఆ వంపులోనే అలిసిపోయి ఉన్నాయి.

రాత్రంతా నిద్ర లేదనుకోండి. అలాంటి రోజు ఆ అరగంట నిద్రకే ఇవ్వండి. నిద్రలేని ఒంటితో బరువులెత్తితే దెబ్బ తగిలే అవకాశం ఎక్కువ. ఆ సమయం ఆమెది, నడకా నిద్రా ఆమె ఇష్టం. మీరు చూడవలసింది ఆ అరగంట రోజూ దొరుకుతోందా అన్నదే.

పగలు ఇంట్లో ఇంకెవరూ లేకపోతే? అప్పుడు బిడ్డను పిల్లల తోపుడు బండిలో (స్ట్రోలర్) పెట్టుకుని నడవడమే దారి. మొదట్లో ఒంటికి కట్టుకునే క్యారియర్ కంటే బండి నయం, బిడ్డ బరువు ఆమె నడుం మీద, పొత్తికడుపు అడుగున ఉండే కింది కండరాల మీద పడదు. బండిని మెట్ల మీంచి దించి పెట్టడం మాత్రం మీరు పనికి వెళ్లేముందే చేసి వెళ్లండి. చాలా నడకలు ఆ మెట్ల దగ్గరే ఆగిపోతాయి.

4. మొదటి రోజులు

ఈ రోజుల్లో వ్యాయామం అన్న మాటే వద్దు. పడుకున్నచోటే చేసేవి చాలు. పాదాలను పైకీ కిందికీ ఆడించడం, గుండ్రంగా తిప్పడం గంటకోసారి చేయమనండి. ప్రసవం తర్వాత మొదటి ఆరు వారాలు కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. సిజేరియన్ అయితే ఇంకాస్త ఎక్కువ. అందుకే ఆస్పత్రిలో నర్సులు వీలైనంత త్వరగా లేపి నడిపిస్తారు. ఆ మాట విని ఆమెకు చేయి అందించండి, "పాపం పడుకోనివ్వండి" అని అడ్డుపడకండి.

పడుకుని లేచే పద్ధతి కూడా నేర్చుకోవలసిందే. వెల్లకిలా ఉన్న మనిషి ఒక్కసారి నిటారుగా లేవకూడదు. ముందు పక్కకు తిరిగి, మోకాళ్లు ముడిచి, చేత్తో మంచాన్ని నొక్కుతూ లేవాలి. దగ్గినా తుమ్మినా పొట్ట కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. సిజేరియన్ అయినవాళ్లు బిడ్డకు మించిన బరువు ఎత్తకూడదు. నీళ్ల బకెట్, పెద్ద బిడ్డ, బిడ్డతో సహా కారు సీటు, ఇవన్నీ మీ చేతులకే. పైన చర్మం రెండు వారాల్లో అతుక్కున్నట్టు కనిపిస్తుంది కానీ, లోపల పొట్ట గోడను పట్టి ఉంచే పొరకు ఆరు వారాలకు తిరిగి వచ్చే బలం సుమారు సగమే. మచ్చ మానింది కదా అని బరువులెత్తితే ఇబ్బంది వచ్చేది అక్కడే.

పొట్టకు కట్టే బెల్టుల గురించి అందరూ అడుగుతారు. ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో ఆసరాగా ఉండి నొప్పి తక్కువనిపిస్తే వాడుకోవచ్చు. పొట్టను అది తగ్గించదు. ఊపిరి పట్టేసేలా బిగిస్తే ఒత్తిడంతా కింది కండరాల మీద పడుతుంది.

5. కింది కండరాలు

గర్భసంచిని, మూత్రాశయాన్ని, పేగు చివరను కిందనుంచి మోసే కండరాలను పెల్విక్ ఫ్లోర్ అంటారు. తొమ్మిది నెలల బరువుకు, కాన్పుకు అవి సాగి వదులవుతాయి. ప్రసవం తర్వాత మూడింట ఒక వంతు మందికి దగ్గినప్పుడో నవ్వినప్పుడో మూత్రం చుక్కలు పడటానికి కారణం ఇదే. సిగ్గుపడి చాలామంది చెప్పరు. నడకకు రమ్మంటే ఏదో ఒక సాకు చెప్పే బాలింతల్లో కొందరి అసలు కారణం ఇదే కావచ్చు. భర్తకు చెప్పుకోలేకపోవచ్చు కానీ అక్కకో అమ్మకో చెబుతుంది. ఆ మాట వచ్చేలా అడగండి. ప్యాడ్ పెట్టుకుని నడవడంలో తప్పేమీ లేదు, అయితే అది జీవితాంతం భరించవలసింది కూడా కాదు.

వీటికి వ్యాయామం ఉంది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ గైనకాలజిస్టు దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు, అందుకే కెగెల్ అంటారు. మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం (కెథెటర్) తీసేశాక, మూత్రం మామూలుగా వస్తున్నప్పుడు మొదలుపెట్టవచ్చు. చేసే పద్ధతి ఇది: గ్యాస్ బయటికి రాకుండా బిగబట్టినట్టు, మూత్రం ఆపుకున్నట్టు రెండూ కలిపి లోపలికి, పైకి లాగాలి. పొట్ట, తొడలు, పిరుదులు బిగుసుకోకూడదు. ఊపిరి ఆడుతూనే ఉండాలి. మొదట మూడు నాలుగు సెకన్లు పట్టి, మళ్లీ అంతే సేపు పూర్తిగా వదలాలి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. నెమ్మదిగా పది సెకన్ల దాకా, పది సార్ల దాకా పెంచుకోవాలి. ఆ తర్వాత పది సార్లు చకచకా బిగించి వదలాలి. రోజుకు మూడు పూటలు. పాలు పట్టేటప్పుడు చేస్తే మరిచిపోరు.

మూత్రం పోసేటప్పుడు మధ్యలో ఆపి సాధన చేయకూడదు, మూత్రాశయం సరిగా ఖాళీ కాదు. ఫలితం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది. అప్పటికీ చుక్కలు పడుతుంటే, లేదా బిగించినప్పుడు నొప్పి వస్తుంటే ఈ విషయం తెలిసిన ఫిజియోథెరపిస్టును కలవాలి. నొప్పి వచ్చేవాళ్లకు కొన్నిసార్లు ఆ కండరాలు బిగుసుకుపోయి ఉంటాయి, వాళ్లు ఇంకా బిగించడం మంచిది కాదు.

6. నడక

మొదటి నడక ఐదు నిమిషాలు. ఇంటి చుట్టూ, లేదా వీధి చివరిదాకా. మీరు కూడా వెళ్లేట్టయితే ఆమె కంటే అర అడుగు వెనకే నడవండి. మగవాళ్లు ముందు నడిస్తే ఆమె తెలియకుండానే వేగం పెంచేస్తుంది.

ఎంత వేగం అన్నదానికి పరికరాలు అక్కర్లేదు. నడుస్తూ మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం ఉంటే అది మధ్యస్థ వేగం. మొదట్లో పాట కూడా పాడగలిగేంత నెమ్మదిగానే నడవాలి. చేతికి కట్టుకునే అడుగుల గడియారాన్ని ఈ నెలల్లో డ్రాయర్‌లో పెట్టడమే మేలని నా అభిప్రాయం. రాత్రి నాలుగు సార్లు లేచిన మనిషికి "ఈ రోజు లక్ష్యం చేరలేదు" అని అది మోగడం దేనికి?

పెంచే పద్ధతి కూడా సులువే. ఈ రోజు నడిచినదానికి రేపు ఒళ్లు ఏమంటుందో వినాలి. రక్తస్రావం తగ్గుతూ వచ్చి, నడిచిన మర్నాడు మళ్లీ ఎర్రగా, ఎక్కువగా అయితే నడక ఎక్కువైనట్టే. కుట్లు లాగినా, కింద బరువుగా ఏదో జారుతున్నట్టు అనిపించినా అంతే. ఒకటి రెండు రోజులు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి. ఏమీ లేకపోతే కొన్ని రోజులకోసారి రెండు మూడు నిమిషాలు కలపవచ్చు. పక్కింటి ఆవిడ ఎన్నో వారానికి ఎంత నడిచిందో ఇక్కడ పనికిరాని లెక్క.

చివరికి ఎక్కడికి చేరాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ప్రసవానంతర స్త్రీలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ అని ఉంది. కెనడా 2025లో ప్రసవం తర్వాతి మొదటి ఏడాది కోసమే ప్రత్యేకంగా మార్గదర్శకం తెచ్చింది. అందులో వారానికి కనీసం 120 నిమిషాలు, నాలుగు రోజులకు తక్కువ కాకుండా పంచుకోవాలని ఉంది. పెల్విక్ ఫ్లోర్ వ్యాయామం రోజూ చేయాలనీ అదే చెబుతుంది. ఈ అంకెలు నెలలు గడిచాక అందుకునేవి. మొదటి నెలలో వీటిని ఆమె ముందు పెట్టకండి. పది నిమిషాల చొప్పున రోజుకు రెండుసార్లు నడిచినా లెక్కలోకే వస్తుంది.

7. ఆగవలసినప్పుడు

ఇవి మీకు కంఠతా రావాలి. ఎందుకంటే అలసిపోయిన తల్లి వీటిని అలసటలో కలిపేసుకుంటుంది. గంటకో ప్యాడ్ తడిసిపోయేంత రక్తం, పెద్ద గడ్డలు. ఒక్క కాలి పిక్కలోనే వాపు, నొప్పి, వేడి. ఉన్నట్టుండి ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి. తగ్గని తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం. జ్వరం, కుట్ల దగ్గర చీము లేదా వాసన. వీటిలో ఏది కనిపించినా "రేపు చూద్దాం" అనకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. బీపీ సమస్య గర్భంలో లేనివాళ్లకు కూడా ప్రసవం తర్వాత రావచ్చు. కాబట్టి తలనొప్పిని నిద్ర చాలక వచ్చిందని కొట్టిపారేయకండి.

8. పొట్ట, నడుం, భుజాలకు బలం

ఆరు వారాల చెకప్ అయి, డాక్టరు సరేనన్నాక బలం పెంచే వ్యాయామాలకు వెళ్లవచ్చు. ముందు పొట్ట మధ్య ఖాళీ చూసుకోవాలి. గర్భంలో పొట్ట కండరాలు నిలువుగా మధ్యలో విడివడతాయి. చాలామందికి నెలలు గడిచేకొద్దీ దగ్గరవుతాయి. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, తల కొద్దిగా పైకెత్తి, బొడ్డు పైనా కిందా వేళ్లతో నొక్కి చూడాలి. రెండు వేళ్లకు మించి ఖాళీ ఉన్నా, తల ఎత్తినప్పుడు పొట్ట మధ్యలో గుట్టలా పొడుచుకొచ్చినా ఫిజియోథెరపిస్టుకు చూపించడం మంచిది. అలా పొడుచుకొస్తున్నంత కాలం పడుకుని లేచే సిటప్స్ వద్దు. పొట్ట తగ్గాలని అందరూ ముందు మొదలుపెట్టేది అవే, ఈ దశలో పనికిరానివీ అవే.

వాటి బదులు ఇవి చేయించండి: కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా నెమ్మదిగా లేచి కూర్చోవడం. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం పైకెత్తడం. గోడకు చేతులు ఆనించి ముందుకు వంగి వెనక్కి నెట్టడం. రబ్బరు పట్టీని రెండు చేతులతో వెనక్కి లాగడం. మోకాళ్లు, చేతుల మీద ఆని ఒక చెయ్యి, ఎదురు కాలు చాపడం. ఒక్కొక్కటి ఎనిమిది నుంచి పది సార్లు, వారానికి రెండు రోజులు చాలు. బిడ్డను పక్కనే నేల మీద బోర్లా పడుకోబెడితే దాని మెడకూ పని దొరుకుతుంది.

అన్నిటికీ ఒకటే సూత్రం. శ్రమ పడే క్షణంలో ఊపిరి వదలాలి. బిగబట్టకూడదు. ఊపిరి బిగబట్టి ఎత్తితే ఒత్తిడి పొట్ట మధ్యకు, కిందికి వెళుతుంది. బిడ్డను మంచంలోంచి ఎత్తేటప్పుడూ ఇదే. ఆమె రోజుకు యాభై సార్లు చేసే వ్యాయామం అదే కాబట్టి, ముందు దాన్నే సరిచేయండి. మోకాళ్లు వంచి, బిడ్డను ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, ఊపిరి వదులుతూ లేవాలి. బొటనవేళ్లు చాపి చంకల కింద పట్టి ఎత్తడం వల్ల బొటనవేలి మొదట్లో, మణికట్టులో నొప్పి వస్తుంది. పిరుదుల కింద ఒక అరచెయ్యి, మెడ వెనక ఒక అరచెయ్యి పెట్టి ఎత్తితే ఆ బాధ తగ్గుతుంది. పాలు పట్టేటప్పుడు ఒళ్లో దిండు పెట్టి బిడ్డను రొమ్ము దగ్గరికి తేవాలి, తల్లి బిడ్డ మీదికి వంగకూడదు. ఆ దిండు అందించడం మీ పని.

9. పాలు తగ్గిపోతాయా?

వ్యాయామం వద్దనడానికి ఇళ్లలో ఎక్కువగా వినిపించే కారణం ఇది. మధ్యస్థంగా చేసే వ్యాయామం వల్ల పాలు తగ్గవు, వాటి పోషకాలు మారవు, బిడ్డ ఎదుగుదల ఆగదు. 2000లో వెలువడిన ఒక అమెరికన్ పరిశోధనలో అధిక బరువున్న బాలింతలు పది వారాల పాటు వ్యాయామం చేస్తూ, తిండి కాస్త అదుపులో పెట్టుకుని వారానికి సుమారు అరకిలో చొప్పున తగ్గారు. వాళ్ల బిడ్డలు మామూలుగానే పెరిగారు. ఇబ్బంది వచ్చేది కడుపు మాడ్చుకుంటే. పాలిచ్చే తల్లికి మామూలు కంటే ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్లు కావాలి. నడకకు ముందు ఒక గ్లాసు, వచ్చాక ఒక గ్లాసు నీళ్లు మీరే అందివ్వండి. సరిగా పట్టి ఉంచే బ్రా ఒకటి కొని పెట్టండి. పాత సైజు ఇప్పుడు సరిపోదు.

10. పరుగు, గెంతులు

కాన్పుకు ముందు పరుగెత్తే అలవాటున్నవాళ్లు ఆరు వారాలకే బూట్లు వెతుక్కుంటారు. వాళ్లను నడవమని బతిమాలనక్కర్లేదు, ఆపడమే కష్టం. 2019లో బ్రిటన్ ఫిజియోథెరపిస్టులు రాసిన మార్గదర్శకం ప్రకారం పన్నెండు వారాల లోపు పరుగు వద్దు. ఆ తర్వాత కూడా తేదీ చూసి కాదు, ఒళ్లు చూసి. అరగంట నడక, పది సెకన్లు ఒంటికాలి మీద నిలబడటం, ఒంటికాలితో పది సార్లు కాస్త కూర్చుని లేవడం, ఉన్నచోటే నిమిషం జాగింగ్, ఒక్కో కాలి మీద పది గెంతులు. ఇవి చేస్తున్నప్పుడు నొప్పి, మూత్రం కారడం, కింద బరువు ఏవీ లేకపోతే నడక మధ్యలో ఒక్కో నిమిషం పరుగు కలపవచ్చు. ఈతకు మాత్రం రక్తస్రావం పూర్తిగా ఆగి, కుట్లు మానేదాకా ఆగాలి.

11. ఆమె లేవనే లేవకపోతే

మొదటి రెండు వారాల్లో కారణం లేకుండా ఏడుపు రావడం, చిరాకు మామూలే. రెండు వారాలు దాటినా ఏ పని మీదా మనసు లేక, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టక, తను తల్లిగా పనికిరానని అంటుంటే అది డిప్రెషన్ కావచ్చు. దీన్ని గుర్తించడానికి 1987లో తయారైన ఎడిన్‌బరో ప్రశ్నావళిలో పదే ప్రశ్నలుంటాయి. డాక్టరును అడిగితే ఐదు నిమిషాల్లో అయిపోతుంది. నడక మనసుకు ఎంతో సాయపడుతుంది. అలాగని డిప్రెషన్‌లో ఉన్న మనిషిని "లేచి నడిస్తే అదే పోతుంది" అనడం దెబ్బ మీద దెబ్బ. చికిత్స, నడక రెండూ పక్కపక్కన సాగాలి. తనకో బిడ్డకో హాని చేసుకోవాలన్న మాట ఆమె నోట వస్తే ఆ రోజే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి, ఒంటరిగా వదలకండి.

దీనికి ఎదురుగా ఇంకో రకం ఉంటుంది. తిండి తగ్గించి, నొప్పి దాచి, రోజుకు రెండు పూటలు చెమటోడ్చేవాళ్లు. ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారు కూడా. అక్కడ మెచ్చుకోవడం మానేసి, తిన్నదేమిటో అడగండి.

12. గాడి తప్పిన వారం

తప్పుతుంది. బిడ్డకు జలుబు చేస్తుంది, టీకా వేయించిన రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు, ఉన్నట్టుండి గంటగంటకూ పాలడిగే రోజులొస్తాయి. అలాంటి వారంలో పెల్విక్ ఫ్లోర్ వ్యాయామం ఒక్కటి మిగిలితే చాలు, అది మంచం మీదే అవుతుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు వదిలినచోట కాకుండా అందులో సగం నుంచి మొదలుపెట్టించండి.

ఆమె ఉద్యోగానికి తిరిగి వెళ్లే వారం అన్నిటికంటే గట్టి పరీక్ష. పొద్దున ఉన్న అరగంట ప్రయాణంలో కలిసిపోతుంది, సాయంత్రం ఇంటికి రాగానే బిడ్డ అమ్మ మీదికి దూకుతుంది. కాబట్టి ఆ వారం రాకముందే కొత్త సమయం తేల్చుకోండి. ఆఫీసులో భోజనం తర్వాత పది నిమిషాలు, సాయంత్రం పాలు అయ్యాక పదిహేను నిమిషాలు, ఆదివారం కాస్త ఎక్కువ. గోడ మీద క్యాలెండర్‌లో ఆ సమయాల పక్కన బిడ్డను చూసుకునే మనిషి పేరు రాయండి. ఆ మనిషికి జ్వరం వస్తే ఎవరు అనేది కింద ఇంకో పేరు.